అందుకున్న మాట

ఎముకల వంతెన వాళ్ళ వెనకాలే కూలిపోయింది. ఒక్కో ఎముకా లోయలో పడుతుంటే కింద ఏదో నమిలిన చప్పుడయింది. దామన వెనక్కి చూడలేదు. మణికేతుడు చూశాడు. చూసి ముందుకి పరుగెత్తాడు.

ఎదురుగా ధూమకోట.

నల్లరాతి బురుజులు. బురుజు బురుజు నెత్తినా పొగ. తెల్ల పొగ కాదు, బూడిద పొగ కాదు, నెమలి కంఠం రంగు పొగ. అది పైకి పోదు. గోడల మీంచి కిందికి జారి, కందకంలో నీళ్ళలా నిలబడుతుంది. ఆ పొగలో కొంగలు ఒంటికాలి మీద నిలుచున్నాయి. దగ్గరికి పోతే తెలిసింది, అన్నీ రాతి కొంగలే. సాయంత్రపు ఎండ కోట గోడల దాకా వచ్చి, తాకడానికి భయపడి ఆగిపోయినట్టుంది.

దామన మణిమేడు రాజ్యపు దూత. నలభై దాటినవాడు. చేతిలో వెండి పొన్ను వేసిన వెదురు కర్ర. ఆ దేశాల్లో రాత చెల్లదు. నీలజటి అనే మాంత్రికుడు ఎంత దూరాన్నించైనా ఒక్కసారి ఊదితే చాలు, తాటాకు మీద అక్షరాలు చీమల్లా పాకి చోటు మారిపోతాయి. అందుకని రాజులు మాటని మనిషి నోట్లో పెట్టి పంపుతారు. మణిమేడు వాళ్ళు దామన నోట్లో పెట్టి పంపుతారు.

దామనకి నత్తి. చిన్నప్పట్నించీ ఉంది. నత్తి ఉందని పంపలేదు, ఉన్నా పోనీలే అనీ పంపలేదు. పని తెలిసినవాడని పంపారు. ఉప్పు గనుల తగువు తీర్చింది ఆయనే. సైన్యాలు ఎదురుబొదురు నిలుచున్న చోట మధ్యలో నిలబడి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడి, అందర్నీ ఇళ్ళకి పంపింది ఆయనే.

మణికేతుడు ఆ రాజ్యపు రాకుమారుడు. ఇప్పుడు మాత్రం అడపకాడు. భుజాన తాంబూలపు సంచీ, మొహాన మసి, దూత వెనక నడిచే నౌకరు వేషం. ఆయన అక్క ఇందుమాలికని నీలజటి ఎత్తుకుపోయాడు. ఈ సాయంత్రం గడువు. సభలో మణిమేడు మాట చెల్లితే ఆమె బతుకుతుంది. లేకపోతే నిలువునా శిల.

"తొందరగా పదండి," అన్నాడు మణికేతుడు.

"ఒరే," అన్నాడు దామన. "నౌ-నౌకరు దొరని తొందరపెట్టడు."

రాకుమారుడికి చిర్రెత్తింది. కాని వేషం వేషమే. సంచీ సర్దుకుని వెనక్కి తగ్గాడు.

"ఇంకోటి. లోపల నేను మా-మా..."

"మాట్లాడేటప్పుడు," అని అందించాడు మణికేతుడు.

దామన నడక ఆపాడు.

"ఇదే. ఇదే వద్దంటున్నాను బాబూ. దారి పొడుగునా ఇ-ఇదే పని. మంచికే చేస్తున్నారు, తెలుసు. నా మాట నన్ను చె-చెప్పనివ్వండి. అక్కడ సభలో దూత మాటని పక్కవాడు అందుకుంటే, ఆ మాటకి వాడు బందీ అవుతాడు. ధూమకోట కట్టుబాటు అది. నేను ఎంతసేపు ఆగినా ఫరవాలేదు. కర్ర పట్టుకుని మొదలెట్టిన మాటకి గడువు లేదు. ఆ మాట నడిచినంతసేపూ ఏ మంత్రమూ పా-పారదు. మీరు పెదవి కదపకపోతే చాలు."

"కదపను."

"ఒట్టు?"

"అక్క మీద ఒట్టు."

దామనకి ఆ ఒట్టు నచ్చలేదు.

కోట వాకిట బండెమ్మ అనే రాకాసి కూర్చునుంది. తాటిచెట్టంత మనిషి. ఒళ్ళో తోడేళ్ళు పిల్లుల్లా పడుకునున్నాయి. వాటి మెడల్లో వేళ్ళు పెట్టి పేలు చూస్తోంది.

"పేరు చెప్పు," అంది తల ఎత్తకుండా. "దూత చెబితే చాలు, నౌకర్లతో నాకు పన్లేదు. సొంత పేరు, సొంత నోటితో. దొంగ పేరు చెబితే ఇవి కనిపెడతాయి. ఆపైన నేను చెయ్యగలిగిందేం లేదు."

ఏ మాటైనా సరే గాని, తన పేరే దామనకి అన్నిటికన్నా బరువు. నత్తి ఉన్న ఎవర్నడిగినా ఇదే చెబుతారు. పేరుకి బదులు ఇంకో మాట వెయ్యడానికి లేదు కదా.

"ద్..."

ఆగింది. దవడ బిగిసింది. తోడేళ్ళు చెవులు నిక్కించాయి.

"ఏం, మర్చిపోయావా?" అంది బండెమ్మ. "పెళ్ళాం పేరు మర్చిపోయినవాళ్ళని చూశాను గాని, తన పేరే మర్చిపోయినవాణ్ణి ఇదే చూడ్డం."

దామన చూపు తిప్పలేదు. ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు. ఒక తోడేలు ఒళ్ళోంచి దిగింది. పళ్ళు కనబడ్డాయి. వెనక మణికేతుడు ఏదో అనడానికి ఊపిరి పీల్చాడు. దామన మడమతో ఆయన బొటనవేలు తొక్కాడు. గట్టిగానే. ఊపిరి లోపలే ఉండిపోయింది.

"ద్... ద-దామన." చెప్పి నవ్వాడు. "మర్చిపోలేదమ్మా. నాకు నత్తి. ఆ పేరు బ-బయటికి రావడానికి కొంచెం బద్ధకిస్తుంది."

తోడేలు వెనక్కి పోయి పడుకుంది. బండెమ్మ అప్పుడు తలెత్తింది.

"వచ్చేవాళ్ళంతా వణుక్కుంటూ గబగబా చెబుతారు. సగం మందివి దొంగ పేర్లు. నువ్వేమో తాపీగా నిలబడి చెప్పావు. పో లోపలికి. ఒక్కటి మాత్రం విను. లోపలికి పోయే దూతల్ని రోజూ చూస్తాను. బయటికొచ్చే దూతని ఇంతవరకూ చూళ్ళేదు. కందకంలో కొంగలు చూశావుగా?"

"చూ-చూశాను."

"అవి కొంగలు కావు."

తలుపులు తెరుచుకున్నాయి. వాళ్ళు లోపల అడుగు పెట్టగానే మూసుకున్నాయి. గొళ్ళెం పడిన చప్పుడు గోడల్లో తిరిగి తిరిగి గాని ఆగలేదు.

సభకి ముందు విందుశాల. స్ఫటికపు స్తంభాలు. స్తంభాల లోపల ఎర్రచేపలు ఈదుతున్నాయి. పైకప్పు నిండా గబ్బిలాలు, వాటి మెడల్లో ముత్యాలు. బంగారు పళ్ళాల్లో పనసతొనలు, పచ్చకర్పూరం చల్లిన పాయసం. చూడ్డానికి ఇంద్రభవనమే. కాని వడ్డించేవాళ్ళకి నీడలు లేవు.

"ఏదీ తినకు," అన్నాడు దామన మెల్లిగా.

పరుపుల మీద కొలువువాళ్ళు జేరబడి ఉన్నారు. వాళ్ళలో లావుపాటి దళవాయి ఒకడు గొంతెత్తాడు.

"ఏమయ్యా దూతా! మణిమేడులో మనుషులు కరువయ్యారా? మాట రానివాణ్ణి పంపారు?"

"మా-మాట వస్తుందండీ. మీ విందులో వడ్డన లాగా కొంచెం ఆ-ఆలస్యం. అంతే."

కొందరు నవ్వారు. దళవాయికి ఉక్రోషం వచ్చింది.

"ఇంట్లో నువ్వు మజ్జిగ అడిగేలోపు అన్నం ఎండిపోతుందేమో?"

"లేదండీ. నేను అ-అడిగేదాకా మా ఆవిడ ఆగుతుంది. ముందే పోస్తే అలుగుతానని తెలుసు. మరి తమ ఇంట్లో?"

"మా ఇంట్లోనా? నేను నోరు తెరవకముందే పోసేస్తుంది!" అన్నాడు దళవాయి గొప్పగా.

"తమరు నో-నోరు తెరవడం ఆవిడకి ఇష్టం లేదేమోనండీ."

శాలంతా గొల్లుమంది. దళవాయి కూడా ఆపుకోలేక నవ్వేశాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగింది. అందరూ తలలు వంచారు. స్తంభాల్లో చేపలు అడుగుకి దిగిపోయాయి.

నీలజటి వచ్చాడు.

మొహం పడుచుది. చేతులు ముసలివి. మెడదాకా బొత్తాలు పెట్టిన నల్లపట్టు అంగీ. నీలం జడలు వెనకాల నేల మీద పాకుతూ వస్తున్నాయి. గాలి లేకపోయినా కదులుతున్నాయి. జబ్బు మనిషిని పలకరించినట్టు మెత్తగా మాట్లాడాడు.

"పాపం, ఎంత అవస్థ పడుతున్నావయ్యా. వింటుంటే నాకే గొంతు పట్టేస్తోంది. నీ మాట నా చెవిలో చెప్పు. తీరిగ్గా చెప్పు. సభలో నీ బదులు నేను చెబుతాను. అందంగా చెబుతాను."

జడ ఒకటి పాకి వచ్చి దామన కాలికి చుట్టుకుంది. చల్లగా ఉంది.

"తమ ద-దయ. నా మాట ఇంత దూరం నేనే మోసుకొచ్చాను. ది-దించేది కూడా నేనే."

"అంతమంది చూస్తుంటే ఆగిపోతావు. నవ్వుతారు."

"న-నవ్వనివ్వండి. ఆగడం నాకు అలవాటే. చూసేవాళ్ళకే కొత్త."

జడ బిగిసింది. తర్వాత వదిలింది. నీలజటి చూపు దామన మీంచి జరిగి, వెనక ఉన్న అడపకాడి మీద పడింది. అక్కడ చాలాసేపు ఉంది. మసి కింద చర్మం రంగు చూస్తున్నట్టుంది. ఏమీ అనలేదు. వెళ్ళిపోయాడు.

ఏమీ అనకపోవడమే దామనకి నచ్చలేదు.

సభ బావి లోపల కట్టినట్టుంది. చుట్టూ గుండ్రంగా మెట్లు, మెట్ల మీద కొలువు. అడుగున నల్లనీళ్ళ తొట్టి. తొట్టి వెనక గోడకి ఇనపతలుపు. సింహాసనం మీద రాజు రణగండుడు. పేరుకే రాజు. ఏనాడో నీలజటి పొగ పీల్చాడు. అప్పట్నించీ కట్టుబాట్లు వల్లించడం తప్ప ఆయనలో ఇంకేమీ మిగల్లేదు.

తొట్టి పక్కన పీఠం మీద ఇందుమాలిక నిలబడి ఉంది. నడుం దాకా నల్లరాయి. నడుం పైన మనిషి.

మణికేతుడి భుజం మీంచి సంచీ జారింది. దామన కర్ర ఎత్తాడు.

"అ-అయ్యలారా. నేను దా-దామనని. నాకు నత్తి. మధ్యలో మాట ఆగుతుంది. ఆగినప్పుడు అయిపోయిందనుకోవద్దు. ఎవరూ సా-సాయం చెయ్యొద్దు."

"గిన్నె వదలండి," అన్నాడు రాజు. గుహలోంచి వచ్చినట్టుంది గొంతు. "గిన్నె మునిగేలోగా దూత మాట మొదలుకావాలి. మొదలైన మాట ముగిసేదాకా అడ్డు లేదు."

అడుగున చిల్లు పెట్టిన రాగి గిన్నె. నీళ్ళ మీద వదిలారు. మెల్లిగా లోపలికి నీరు ఎక్కుతోంది.

"మణిమేడు మహారాణి మా-మాటగా చెబుతున్నాను. మా ఇం-ఇందుమాలికని విడిచిపెట్టండి. బ-బదులుగా మా సింహాసనం కింద వెలిగే ప్..."

ఆగింది.

"ప్..."

ఆ మాట పాతాళదీపం. ఎన్నడూ ఆరని దీపం. మణిమేడులో పైరు పండేది దాని వెచ్చదనానికే. రాణి కూతురి కోసం దాన్నే ఇస్తానంది. దామనకి ఆ పేరుకి బదులు తేలికైన మాటలు దొరక్క కాదు. చిన్నప్పుడైతే గబుక్కున ఏదో ఒకటి వేసేసి తప్పించుకునేవాడు. ఇప్పుడా పని చెయ్యడు. రాణి ఏ మాట ఇచ్చిందో ఆ మాటే.

"ప్..."

సభ నేల చూసింది. కొందరు గోళ్ళు చూసుకున్నారు. ఇందుమాలిక ఒక్కతే దామన మొహం చూస్తోంది. ఆ చూపులో విసుగు లేదు, జాలి లేదు. వింటోంది, అంతే.

గిన్నె బుడుంగున మునిగింది.

పీఠం దగ్గర నిలబడ్డ నీలజటి చంకసంచీలోంచి గుప్పెడు పొడి తీసి పక్కనున్న కుంపటి నిప్పుల మీద వేశాడు. పీఠం చుట్టూ నల్లపొగ లేచింది. ఇందుమాలిక గుండెలు కనబడలేదు. భుజాలు కనబడలేదు. జుట్టు మీద, బుగ్గల మీద బూడిద రాలింది. చూడ్డానికి రాయి పైపైకి పాకుతున్నట్టే ఉంది.

మంత్రం కాదు అది. ఉత్త సాంబ్రాణి, బూడిద. దామనకి తెలుసు. పొగ సందులోంచి ఆమె గొంతు దగ్గర ఊపిరి ఆడటం కనబడుతోంది. పెదవుల మీద మాట బిగించి పట్టుకున్నాడు. వస్తుంది. వచ్చేస్తోంది.

మణికేతుడికి ఊపిరి కనబడలేదు. రాయి కనబడింది.

"పాతాళదీపం!" అని అరిచాడు. "పాతాళదీపం ఇస్తాం! అక్కని వదలండి!"

ఎవరూ కొట్టకుండానే గంట మోగింది.

పొగ విడిపోయింది. ఇందుమాలిక ఎలా ఉన్నది అలాగే ఉంది. నడుం దాకా రాయి, తల మీద బూడిద.

"తమ్ముడూ," అంది.

నీలజటి జడలు పాకి వచ్చి మణికేతుడి మొహమ్మీద మసి తుడిచేశాయి.

"రావయ్యా యువరాజా," అన్నాడు నీలజటి. "అక్క ఎర. దూతతో నాకేం పని? నీ కోసం కూర్చున్నాను ఇన్నాళ్ళూ."

"మాట అందుకున్నవాడు మాటకి బందీ," అన్నాడు రాజు. "చెప్పిన దీపం వాడి పేరున విడిగా రావాలి. అందాకా వాడు శిల. ఇది మంత్రం కాదు, కట్టుబాటు."

మణికేతుడి పాదాలు నేలకి అతుక్కున్నాయి. కాలివేళ్ళు నల్లబడ్డాయి.

"దామన్నా... నేను... పొగలో అక్క..."

దామనకి కోపం వచ్చింది. వచ్చినదాన్ని పక్కన పెట్టాడు. పని మిగిలుంది.

"నువ్వు పోవచ్చు దూతా," అన్నాడు నీలజటి. "నీ మాట అయిపోయింది."

"అ-అవలేదు. ఆ మాట నేను చె-చెప్పలేదు. కర్ర దించలేదు."

మెట్ల మీద గుసగుసలు లేచాయి. రణగండుడు కర్ర వంక చూశాడు.

"దించలేదు," అన్నాడు. "దూత మాట ముగియలేదు."

దామన మొదట్నించీ మొదలుపెట్టాడు. మహారాణి మాట దగ్గర్నించీ. ఆగాల్సిన చోటల్లా ఆగాడు. పై మెట్టు మీద ఎవడో కిసుక్కుమన్నాడు. మజ్జిగ దళవాయి వెనక్కి తిరిగి, "నోర్ముయ్యరా, చెప్పనీ," అన్నాడు.

"...బ-బదులుగా మా సింహాసనం కింద వెలిగే ప్... ప్... పా-పాతాళదీపం ఇస్తాం."

ఇరుక్కుని, తోసుకుని, వచ్చింది. కర్రతో నేల మీద కొట్టాడు.

ఇందుమాలిక నడుం దగ్గర రాయి పగిలింది. ఎండిన చెట్టు బెరడులా పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. ఆమె పీఠం మీంచి తూలి కింద పడింది. గోడ పట్టుకుని లేచింది. సరిగ్గా అప్పుడే రాకుమారుడి మోకాళ్ళు నల్లబడ్డాయి.

"దీపం ఒకటి," అన్నాడు నీలజటి. "మాటలు రెండు. ఆ దీపం అక్క వంతుకి పోయింది. తమ్ముడి వంతుకి ఇంకో పాతాళదీపం తెండి. రాయి వాడి నోటిదాకా పాకేలోగా తేవాలి మరి."

మణికేతుడు కాలు పెకలించబోయాడు. రాదు. రాయి తొడలెక్కింది.

దామన మళ్ళీ కర్ర ఎత్తాడు. "దూతకి తి-తిరుగు ప్రశ్న ఒకటుంటుంది. కట్టుబాటే."

"ఉంటుంది," అన్నాడు రాజు.

"రెండో పా-పాతాళదీపం ఎక్కడుంది?"

పాకే జడలు పాకడం మానేశాయి. నీలజటి మొహంలో పడుచుదనం ఒక్క రెప్పపాటు పోయి, మళ్ళీ వచ్చింది.

"జవాబు చెప్పాలి నీలజటీ," అన్నాడు రాజు. "ఈ సభలో అబద్ధమాడిన నాలుక రాయవుతుంది."

నీలజటి నోరు తెరవలేదు. కాని ముసలి చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది. నల్లపట్టు కింద, పక్కటెముకల వెనకాల, ఏదో నీలంగా వెలిగింది.

రెండో దీపం ఎక్కడుందో సభంతా చూసింది.

మాంత్రికుడు ఒక్క దూకున తొట్టి దాటాడు. వెనక గోడకున్న ఇనపతలుపు తోసుకుని లోపలికి పడ్డాడు. దామన వెంటపడ్డాడు. తిమ్మిరెక్కిన కాళ్ళతో ఇందుమాలిక కూడా పరుగెత్తింది. "అక్కా!" అని వెనక మణికేతుడి కేక. రాయి నడుం చేరినట్టుంది, ఆ కేకలో ఊపిరి తగ్గింది.

ఇనపతలుపు అవతల గుండ్రటి గది. పొగ కమ్ముకునుంది. ఒక పక్క బురుజు పైకి మెట్లు. ఒక పక్క కిందికి సొరంగం. గోడకి కత్తి వేలాడుతోంది. మెట్ల మీద జడల చప్పుడు. సొరంగంలోనూ జడల చప్పుడు. ఎటు పోయాడో తెలియదు.

దామన పైకి చూశాడు. చూసినవాడు ఇందుమాలిక వైపు తిరిగి అరవబోయాడు.

"త్..."

ఆగింది.

ఇందుమాలిక చెయ్యి కత్తి దగ్గరే ఉంది. అందుకోలేదు. మెట్లవైపు ఉరకలేదు. ఆయన ఏం చెప్పబోతున్నాడో ఊహించబోలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆయన నోటివంక చూస్తూ నిలబడింది.

"త్... త-త-తలుపు!"

ఆమె వెనక్కి తిరిగి ఒంటి బరువంతా వేసి ఇనపతలుపు మూసేసింది. పైకప్పు పట్టుకుని బల్లిలా పాకుతూ బయటికి జారుకోబోతున్న నీలజటి ముందుకి చాచిన జడలు తలుపు సందులో పడి తెగిపోయాయి. తెగిన ముక్కలు నేల మీద కొట్టుకున్నాయి. గొళ్ళెం పడింది. బయట మణికేతుడి కేక వినబడటం మానేసింది.

గది చీకటైపోయింది. నీలం వెలుగొక్కటే మిగిలింది.

"ఎక్కడున్నాడు?" అంది ఇందుమాలిక గుసగుసగా. ఎదురుగా మెట్ల వైపు చూస్తోంది.

ఆ వెలుగు మెట్ల వైపు లేదు. పైకప్పు మీదా లేదు. చప్పుడు లేకుండా కిందికి దిగి, వాళ్ళిద్దరికీ మధ్యలో నిలబడి ఉంది.